అమ్మానాన్నలూ, బడికి పదండి!

పిల్లల్ని బడిలో వేసి ఊరుకునే రోజులు పోయాయి. పిల్లల చదువులో తల్లిదండ్రులు చురుగ్గా పాల్గొనాలని సర్కారు మొదలు పక్కింటి వదినగారి దాకా అందరూ చెబుతున్నారు. ఎలా పాల్గొనాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లోటు నేను తీరుస్తాను.

ముందు క్లాసు వాట్సాప్ గ్రూపు. రాత్రి పదిన్నరకు “రేపు తెలుగు నోట్సు తేవాలా మేడమ్?” అని అడగండి. మీవాడు పక్కగదిలో మేలుకునే ఉంటాడు. వాడికి తెలుసు కూడా. అయినా వాణ్ణి అడగొద్దు. తన పని తనే గుర్తుపెట్టుకోవడం వాడికి అలవాటైతే రేపు మీకు పనేముంటుంది? నలుగురు “మాకూ అదే డౌటు” అంటారు, ఒకాయన ఎన్నికల వీడియో పెడతాడు, టీచరమ్మ నిద్రకళ్లతో “తేవాలి” అని జవాబిస్తుంది. ఆవిడకూ ఇంట్లో పిల్లలున్నారన్న సంగతి గ్రూపులో ప్రస్తావనకు రాదు, రానక్కర్లేదు.

అసలు సిసలు పాల్గొనడం ప్రాజెక్టుల్లో ఉంది. ఇంకుడు గుంత నమూనా చేసుకురమ్మన్నారనుకోండి. పిల్లాణ్ణి చెయ్యనిస్తే చింతచెట్టు కింద నాలుగు గులకరాళ్లు ఏరుకొచ్చి, పాత ప్లాస్టిక్ డబ్బాలో వేసి, “అయిపోయింది నాన్నా” అంటాడు. ఆ దరిద్రం మనకొద్దు. థర్మోకోల్ షీట్లు, రంగులు, ఫెవికాల్, చిన్న ఎల్‌ఈడీ బల్బులు కొనండి. గుంతలో బల్బులెందుకని అడిగేవాళ్లకు సైన్సు తెలియదు. ఇసుక అడుగున పోసి పెద్ద రాళ్లు పైన పేర్చండి, ఫొటోలో బాగా పడుతుంది. “ఇసుక పైన ఉంటేనే మట్టీ చెత్తా ఆగుతాయి, పాఠంలో ఉంది” అని వాడు నసిగితే, “నువ్వెళ్లి చదువుకో” అనండి. వాడి వంతుగా అట్టమీద పేరు రాయనివ్వండి. అక్షరాలు వంకరగా వస్తే అదీ మీరే రాయండి.

ప్రదర్శన రోజున జడ్జి వెనక నిలబడి పెదవులతో జవాబులు అందించడం సాధన చెయ్యాలి. ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. ఆలోచన పిల్లలదే అయి ఉండాలని ఓ షరతు పెట్టారు. పిల్లలు మనవాళ్లే కాబట్టి ఆలోచన మనదైనా లెక్క సరిపోతుంది.

ఇక పేరెంట్ టీచర్ మీటింగ్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న సర్కారు బళ్లన్నిట్లో ఒకేరోజు ఈ మీటింగులు జరిపారు, కాబట్టి తప్పించుకునే వీల్లేదు. కూర్చోగానే “ఫస్టెవరండీ, వాడికెన్ని?” అనండి. “మీ అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది” అని టీచరు అంటే, “అదేనండీ మా బాధ” అని నిట్టూర్చండి. అమ్మాయి పక్కనే ఉండేట్టు చూసుకోండి. చివరగా “రెండు తగిలించండి, మేమేమీ అనుకోం” అని అనుమతి ఇవ్వండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడం నిషేధమండీ అని ఆయన గుర్తుచేస్తే, “చట్టం మా ఇంటిదాకా రాదు లెండి” అని భరోసా ఇవ్వండి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. అదే చట్టం 21వ సెక్షన్ కింద సర్కారు బడికి ఓ యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్లు. బడికొచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం వీళ్ల పని. ఇది చట్టం మన చేతికిచ్చిన పని కాబట్టి దీనికి దూరంగా ఉండాలి.

మీ ఆవిడ సభ్యురాలైతే మీటింగుకి మీరెళ్లండి. మీకూ కుదరకపోతే మీ బావమరిది ఉన్నాడు. ప్రణాళిక సంగతి హెడ్మాస్టరుకు వదిలేస్తే ఆయన కంప్యూటరొచ్చిన సారుకు వదిలేస్తాడు, ఆ సారు నిరుటిదాంట్లో సంవత్సరం మారుస్తాడు. మధ్యాహ్న భోజనంలో ఐదో తరగతిలోపు పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాములు అందాలని లెక్కలున్నాయి. ఉంటే ఉండనివ్వండి. పప్పుచారులో పప్పు వెతకడం మర్యాదస్తులు చేసే పనేనా?

అమ్మాయి పొద్దున పట్టుకెళ్లిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి తెస్తోందా? ఎందుకు తాగలేదని ఆరా తీయకండి. ఆరా తీస్తే మరుగుదొడ్డి దగ్గర తేలుతుంది. తలుపుకి గొళ్లెం లేదని, కుళాయిలో నీళ్లు రావని కమిటీలో ఎత్తాల్సి వస్తుంది, తీర్మానం రాయాల్సి వస్తుంది, ఏ గ్రాంటు ఎందుకు ఖర్చయిందో అడగాల్సి వస్తుంది. మినిట్స్ పుస్తకం ఎలాగూ ఇంటికే పంపిస్తారు. ఖాళీ పేజీ అడుగున సంతకం పెట్టి ఇచ్చేయండి. తేదీ మాత్రం వేయకండి, వాళ్లకు ఎప్పటిది కావాలో వాళ్లే వేసుకుంటారు.