తల్లి కనబడని పిల్ల

మా కోయిలకుంట్ల పక్క రైతు ఎద్దును కొనేటప్పుడు చూడాల. నోరు తెరిచి పండ్లు లెక్కపెడతాడు. ఒళ్లంతా తడిమి సుడులు వెతుకుతాడు. ముందుకు నడిపించి, వెనక్కి నడిపించి, కాడి మెడ మీద పెట్టి నాలుగు సాళ్లు దున్నించి చూస్తే గానీ తుండుగుడ్డ కింద చెయ్యి కలపడు. శనగ విత్తనాలకైతే బిల్లు అడుగుతాడు, సంచి మీద తేదీ చదివించుకుంటాడు.

ఆ రైతు కొడుకు అదే ఇంట్లో మంచం మీద పడుకుని, వాట్సాప్‌లో వచ్చిన ఒక్క ఫొటో చూసి, ముక్కూ మొహం తెలియని వాడికి పదిహేను వేలు ఫోన్లోనే పంపించి కుక్కపిల్లను తెప్పిస్తాడు. విశ్వాసం అనగానే మనం కుక్క పేరు చెబుతాం గానీ, ఈ బేరంలో కొనేవాడి విశ్వాసం ముందు కుక్క ఏపాటిది?

బేరం ఎట్లా సాగుతుందో వినండి.

"అన్నా, పిల్లకు ఎన్ని దినాలు?"

"నలభై అయిదు సార్."

"టీకాలు ఏసినారా?"

"అన్నీ అయిపోయినాయి సార్. కార్డు గూడా ఇస్తాం."

"తల్లిని చూపిస్తావా?"

"తల్లి వేరే ఫారంలో ఉండాది సార్. వీడియో పంపిస్తాలే."

"సర్టిఫికెట్?"

"కావాలంటే ఇరవై అయిదు, వద్దంటే పదిహేను."

పిల్ల ఒకటే. దాని వంశం మాత్రం మన జేబును బట్టి మారుతుంది.

వీడియో రాదు. రెండో దినం తెల్లవారుజామున బొక్కలు పొడిచిన అట్టపెట్టె ఒకటి బస్సు డిక్కీలోంచి దిగుతుంది. రాత్రంతా నీళ్లు లేవు, గాలి అంతంతమాత్రం. పెట్టెలోంచి మూలుగు వినిపిస్తే, "చూడు, ఎంత హుషారుగా ఉండాదో!" అని మనవాడు మురిసిపోతాడు.

నలభై అయిదు దినాలన్న మాట చాలామటుకు అబద్ధమే. నిజమే అనుకున్నా అది నేరం. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 దినాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు చేయించుకోవాలి. అమ్మే పిల్లకు టీకా ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి. ఈ లెక్కన మన వ్యాపారి ఫోన్లో చెప్పింది నేరాంగీకారం. పాపం, ఆయనకే తెలియదు. మనకూ తెలియదు కాబట్టి బేరం సాఫీగా కుదిరింది.

తెలిస్తే మాత్రం ఏమయ్యేది? మూగజీవాల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1960లో ఒక చట్టం పుట్టింది. దాని ప్రకారం మొదటిసారి నేరం రుజువైతే జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభైకి మించకుండా ఉంటుంది. మూడేళ్లలోపు మళ్లీ అదే పని చేస్తే ఇరవై అయిదు నుంచి వంద, లేదంటే మూడు నెలల దాకా జైలు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుంఫిణీ వాళ్లు ఇవ్వాల్సిన తవర్జీ, అంటే భరణం, నెలకు పదకొండు రూపాయల చిల్లర అని మన ఊళ్లలో చిన్నపిల్లోల్లను అడిగినా చెబుతారు. ఆ తగాదా ముదిరే 1846 జులైలో ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడినాడు. కుంఫిణీ పోయింది, స్వరాజ్యం వచ్చింది, కుక్కను హింసించినవాడి కనీస జరిమానా ఇంకా ఆ తవర్జీకి రూపాయి చిల్లర తక్కువలోనే ఉంది. పదిహేను వేల సరుకుకు యాభై రూపాయల జరిమానా అంటే వ్యాపారి దాన్ని శిక్ష కింద రాసుకోడు. రవాణా ఖర్చు కింద రాసుకుంటాడు.

ఇక గ్యారంటీ సంగతి. మంచి వ్యాపారి కాబట్టి మూడు దినాల గ్యారంటీ ఇస్తాడు. పార్వో అనే వైరస్ ఒంట్లో చేరినాక బయటపడేందుకు సాధారణంగా మూడు నుంచి ఏడు దినాలు పడుతుంది. ఆ వైరస్ కూడా గ్యారంటీ కాగితం చదివే వచ్చినట్టుంటుంది! నాలుగో దినం పిల్ల తిండి ముట్టదు. అయిదో దినం వాంతులు. ఆరో దినం రక్తవిరేచనాలు. పశువుల డాక్టరు సెలైన్ ఎక్కిస్తాడు, వాంతులు ఆగడానికి సూది వేస్తాడు. నేరుగా ఆ వైరస్‌ను చంపే మందు ఆయన బీరువాలో మామూలుగా ఉండదు. పిల్ల ఒంట్లో నీరు ఇంకిపోకుండా కాపాడుకుంటూ అది తట్టుకోవాలని ఎదురుచూడటమే వైద్యం. కొన్ని పిల్లలు తట్టుకోలేవు.

మరి టీకాల కార్డు? పార్వో టీకా ఒక్కసారి వేసి చేతులు దులుపుకునేది కాదు. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోవాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లు అది టీకాను పని చేయనియ్యదు, అది తగ్గిపోయినాక పిల్లకు దిక్కుండదు. అందుకే ఇన్నిసార్లు. నలభై అయిదు దినాల పిల్లకు "అన్నీ అయిపోయినాయి" అన్నాడంటే ఆ మాట టీకాల గురించి కాదు, మన డబ్బుల గురించి అనుకోవాలి.

పిల్ల పోతే వ్యాపారికి ఫోన్ చేస్తాం. "మీ ఇంటి నీళ్లు పడినట్లు లేవు సార్" అంటాడు. పెద్ద మనసుతో సగం ధరకు ఇంకోటి పంపుతాడు. పార్వో మన వసారాలో, పెరటి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. రెండో పిల్ల నేరుగా మొదటిదాని జబ్బు మీదికే వచ్చి దిగుతుంది. మనం మాత్రం ఇంటికి వాస్తు బాగలేదని గేటు జరిపిస్తాం.

బతికిన పిల్లల కథ వేరు. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్ ఒకటి పిల్లవాని వెంట తిరిగింది. ఆ దినం నుంచి దేశంలో ప్రతి వీధికీ ఒక పగ్ కావాల్సి వచ్చింది. మొహం ఎంత చప్పిడిగా ఉంటే అంత ముద్దు. ఆ ముద్దు కోసమే దాని ముక్కునూ గొంతునూ ఇరుకు చేసి పెంచినారు. కుక్కకు మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పి రొప్పి ఒంట్లో వేడి బయటికి పంపుకోవాలి. రొప్పడానికి గాలి దారే ఇరుకైతే మే నెల ఎండలో అది ఏం చేయాలి? గురక పెడుతుంది. మనం ఆ గురకను రీల్ తీసి పెడతాం.

హస్కీది మరీ విడ్డూరం. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టి, రెండు పొరల బొచ్చు కప్పుకున్న జీవి. దాన్ని తెచ్చి, 43 డిగ్రీల ఎండలో, అరికాలు పెట్టలేని నాపబండల మిద్దె మీద కట్టేస్తాం. ఉడకపోస్తాందని జాలిపడి గుండు కూడా గీయిస్తాం. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తో కూస్తో అడ్డుపడేది ఆ బొచ్చే. మన జాలి దాన్నీ ఉంచదు.

ఇంతకీ తల్లి ఏదీ? "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అని సామెత చెప్పుకున్న జాతి మనది. ఈ ఒక్క వ్యాపారంలో మాత్రం తల్లి ఎవరికీ కనబడదు. కనబడితే బేరం చెడుతుంది గనక. ఏడాదిన్నరైనా నిండకముందే ఈతకు వేసి, ఎదకు వచ్చిన ప్రతిసారీ, అంటే ఏడాదికి రెండుసార్లు ఈనించి, పొదుగు జారి, బొచ్చు రాలి, ఇనుప బోనులోనే ముసలిదయిన తల్లి అది. పద్దెనిమిది నెలలు నిండకముందు కట్టించకూడదు, ఏడాదికి ఒక్క ఈతకు మించకూడదు అని నియమాలు చెబుతాయి. నియమాలకు బోనులోకి పోయే దారి తెలియదు.

వేల్స్‌లో ఇట్లాంటి బోనులోంచే లూసీ అనే కుక్క బయటపడింది. దాని పేరు మీదే ఇంగ్లండులో చట్టం వచ్చి 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మధ్యవర్తులు, దుకాణాలు ఆరు నెలల్లోపు పిల్లల్ని అమ్మకూడదు. పెంచినవాడే అమ్మాలి, పిల్లను తల్లి పక్కన ఉంచి చూపించాలి. తెల్లదొరలు రెండు వందల ఏండ్లు మన దగ్గర ఉండి పోతా పోతా ఈ సామెత గూడా పట్టుకుపోయినట్టున్నారు.

ఈనిక ఆగిపోయిన తల్లిని, రీల్‌కు పనికిరాని పగ్‌ను, కరెంటు బిల్లు పెంచిన హస్కీని రాత్రిపూట ఊరి బయట వదిలేస్తారు. 2025లో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచినాయి. దేశమంతా రెండు పార్టీలై టీవీల్లో మొరుక్కుంది. రోడ్డున పడిన కుక్కల్లో కొన్నింటికి లాబ్రడార్ చెవులు ఎట్లా వచ్చినాయని మాత్రం ఎవరూ అడగలేదు.

కుక్క మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు సైబీరియా దాకా పోనక్కర్లేదు. పత్తికొండ దగ్గర పందికోన ఊరి కుక్కలు ఈ ఎండకే పుట్టి, ఈ ఎండలోనే చేను, మందా కాసినాయి. పొట్టి బొచ్చు, పొడుగు కాళ్లు, ఏసీ అడగవు. అయితే అవి కూడా ఫ్యాషనైతే వాటి తల్లులకూ బోన్లు తయారవుతాయి. జాతి మారిస్తే పాపం మారదు.

అందుకే ఈసారి ఫోన్ చేసినప్పుడు మూడే అడగండి. నీ రిజిస్ట్రేషన్ నంబరెంత? పిల్లకు రెండు నెలలు నిండినాయా? నేనే వస్తా, తల్లి పక్కన పెట్టి చూపిస్తావా? మూడో ప్రశ్న పూర్తికాకముందే అవతల ఫోన్ కట్ అయిందంటే సంతోషించండి, పదిహేను వేలు మిగిలినట్టే. కట్ చేయకుండా "రా సార్, చూసుకో" అన్నాడనుకోండి, ఎద్దు పండ్లు చూసే మీ నాయన్ను కూడా వెంటబెట్టుకుని పోండి.