చుక్క నీరు విడగొట్టకుండా పీహెచ్‌డీ కొట్టడం ఎలా?

ఎండ పడగానే నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే పలుచని పొర తయారుచేయమన్నారా మీ గైడు? కంగారుపడకండి. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌తో ఈ దారి చూపించారు. అప్పటినుంచి ఎందరో తలలు బద్దలు కొట్టుకుంటూనే ఉన్నారు. అంతమందికి లొంగనిది మీకు లొంగకపోతే తప్పులేదు. లొంగినట్టు కనిపిస్తే చాలు. అందుకు ఈ చిట్కాలు.

1. తుప్పును ఎంచుకోండి. హెమటైట్ అంటే ఐరన్ ఆక్సైడే. చవక, విషం కాదు, భూమిలో కావలసినంత ఉంది. చదరపు సెంటీమీటరుకు 12.6 మిల్లీఆంపియర్లు ఇవ్వగలదని సిద్ధాంతం. ఆ అంకెను పీఠికలో పెట్టండి. పక్కనే 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ తాలూకు 19,744 కోట్లు కూడా రాయండి. ఇంత పెద్ద అంకె ముందు మీ కరెంటు ఎంతో ఎవరూ అడగరు.

2. పొర మందంగా వేయండి. వెలుతురుకు పుట్టిన ధనావేశం హెమటైట్‌లో రెండు నుంచి నాలుగు నానోమీటర్లు నడిచేసరికి చతికిలబడుతుంది. నీటిదాకా రానేరాదు. రాకపోతే పోయె, మందపు పొర ఫొటోలో ఎర్రగా నిగనిగలాడుతుంది.

3. పొర వేసే గాజును కడగకండి. ఏ వైపు కరెంటు పారుతుందో మల్టీమీటరుతో చూడటం చాదస్తం. కంటికి నచ్చిన వైపు పూత వేయండి. పూత పెచ్చులూడితే "రంధ్రమయ నిర్మాణం" అని రాయండి.

4. ఫర్నేసులో పెట్టి టీకి వెళ్లండి. కరెంటు పోయి వస్తే అది "రెండు దశల అనీలింగ్". 800 డిగ్రీల దగ్గర గాజు మీది పూతలోని టిన్ను హెమటైట్‌లోకి పాకి నిజంగానే మేలు చేస్తుంది. కాబట్టి పక్కవాడి శాంపిల్లోంచి ఏది పాకినా మేలేనని వాదించండి. పేరు "డోపింగ్". ఆ వేడికి గాజు వంకరపోతే స్కేలింగ్ సమస్యల ఖాతాలో వేయండి.

5. దీపాన్ని దగ్గరకు జరపండి. చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు పడాలన్నది నియమం. కొలిచే మీటరు బీరువాలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గరో ఉంటుంది. జినాన్ దీపంలో అతినీలలోహిత కాంతి కాస్త ఎక్కువే పడనివ్వండి. పేపర్లో మాత్రం "ఒక సూర్యుడు" అని రాయండి. సూర్యుడు వచ్చి కేసు పెట్టడు.

6. పీహెచ్ మీటరును నమ్మకండి. వోల్టేజి లెక్కలో పీహెచ్ ఒక అంకె తక్కువ వేస్తే కరెంటు-వోల్టేజి గ్రాఫు మొత్తం 59 మిల్లీవోల్టులు ఎడమకు జరుగుతుంది. ఎడమకు జరగడమంటే మేలైన పొర. ఏడాది పాటు పూతలు వేసినా రాని మెరుగు పెన్ను కదిపితే వచ్చింది.

7. నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపండి. నీటికంటే సులువుగా అది ఆక్సీకరణం చెందుతుంది, కరెంటు ఎగబాకుతుంది. లోపం పొర లోపలా, ఉపరితలం మీదా అని తేల్చుకోవడానికి పెద్దలు ఈ పరీక్ష చేస్తారు. మీరు తేల్చుకోవలసిందేమీ లేదు, గ్రాఫు కింద "నీటి విచ్ఛిత్తి" అని రాసేయండి.

8. హెమటైట్ మొరాయిస్తే కుప్రస్ ఆక్సైడ్‌కు మారండి. నీటిలో వెలుతురు పడగానే అది నీటి జోలికి పోకుండా తానే రాగిగా మారిపోతుంది. ఆ కరెంటూ కరెంటే. ఎదుటి ఎలక్ట్రోడుగా ప్లాటినం తీగ పెట్టండి. అది కొద్దికొద్దిగా కరిగి మీ పొర మీద పేరుకుంటే పనితీరు దానంతటదే పెరుగుతుంది. శీర్షికలో "భూమిలో పుష్కలంగా దొరికే పదార్థాలు" అన్న మాట చెక్కుచెదరనివ్వండి.

9. ప్రయోగాన్ని గంటకు ఆపేయండి. రెండో గంటలో కరెంటు గీత కిందికి జారుతుంది, చూసి బాధపడటం ఎందుకు? "అద్భుతమైన స్థిరత్వం" అని రాయండి. బయట పెడితే ఏళ్ల తరబడి పనిచేయాలి కదా అనేవాడు పరిశ్రమ మనిషి. అతన్ని సెమినార్‌కు పిలవకండి.

10. హైడ్రోజన్‌ను కొలవకండి. రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ వచ్చాయా అని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ నిలదీస్తుంది. దాని మీద "రిపేరులో ఉంది" అని కాగితం అంటించండి. వైవాలో అడిగితే, "చాలా తేలిక వాయువు సార్, నిలవదు" అనండి.

11. పట్టా చేతికొచ్చాక జూనియర్ ఫోన్ చేస్తాడు. "అన్నా, మీ పద్ధతిలోనే చేశాను, ఏమీ రావట్లేదు" అంటాడు. "చేయి తిరగాలి తమ్ముడూ" అనండి. తర్వాత అతని నంబరు బ్లాక్ చేయండి.