బేస్‌మెంట్‌కి తలకిందుల సలహాలు

బేస్‌మెంట్ ఫినిష్ చేయిస్తున్నాం, గోడలకి ఏ రంగు బావుంటుందని అడిగినవాళ్ళని నేను ముందు గొడుగు తీసుకోమంటాను. జోరువానలో బయటికెళ్ళి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి. కప్పు మీది నీళ్ళు గొట్టంలోంచి దిగి ఎక్కడ పడుతున్నాయో చూడండి. గోడ మొదట్లో పడుతుంటే అవి చివరికి చేరేది మీ సోఫా వెనక్కే. గోడ నుంచి పదడుగులు పోయేసరికి నేల కనీసం 6 అంగుళాలు వాలాలి. ఇల్లు కట్టిన కొత్తలో ఆ వాలు ఉంటుంది. తర్వాత పునాది చుట్టూ పూడ్చిన మట్టి కుంగి వాలు ఇంటివైపు తిరుగుతుంది. అక్కడ మట్టి పోయించండి, గొట్టం చివర ఇంకో గొట్టం తగిలించి నీళ్ళని దూరంగా పంపండి. బేస్‌మెంట్ అలంకరణలో మొదటి ఖర్చు ఇంటి బయట పెట్టాల్సిందే.

ఇది తలకిందుల సలహా అని నా స్నేహితులు కొట్టిపారేస్తారు. వాళ్ళ వరసలో ముందు హోమ్ థియేటరు, తర్వాత బార్ కౌంటరు, తర్వాత కార్పెట్టు. వానొచ్చాక చూసుకోవచ్చంటారు. నేను మాత్రం వానతో మొదలుపెట్టి రంగుతో ముగించమంటాను.

అసలు బేస్‌మెంట్ అనే అంతస్తు ఎందుకు వచ్చిందో గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ వంటి చోట్ల చలికాలంలో నేల రెండు మూడడుగుల లోతున, ఇంకా ఉత్తరాన అంతకంటే లోతున కూడా గడ్డకడుతుంది. పునాది ఆ లోతు దాటి కిందికి దిగాలి. ఎలాగూ తవ్వుతున్నాం కదా అని ఇంకొంచెం తవ్వి బొగ్గుకీ బాయిలర్‌కీ చోటు చేశారు. డాలస్‌లో ఉండే మనవాళ్ళ ఇళ్ళకి బేస్‌మెంట్ అరుదు. అక్కడ నేల అంత లోతుగా గడ్డకట్టదు, పైగా నీళ్ళకి ఉబ్బి ఎండకి కుంగే బంకమట్టి. అంటే మనం సోఫా వేసుకుంటున్నది మనిషి కూర్చోవడానికని తవ్విన చోటు కాదు. చుట్టూ తడిమట్టి ఉన్న గొయ్యి.

నా మొదటి ఇంట్లో నేనూ అందరి వరసే పాటించాను. కాంట్రాక్టరు కాంక్రీటు గోడకి ఫైబర్‌గ్లాస్ ఆనించి, దానిమీద ప్లాస్టిక్ షీటు కప్పి, పైన డ్రైవాల్ కొట్టాడు. నేలంతా మెత్తటి కార్పెట్టు. రెండో వేసవిలో అమ్మ వచ్చింది. మెట్లు సగం దిగి ఆగిపోయి, "ఒరే నాన్నా, ఇక్కడ బియ్యం ముక్కిపోయిన వాసనొస్తోందిరా" అంది. బియ్యం పైన వంటింట్లో ఉన్నాయి. మర్నాడు మూల దగ్గర కార్పెట్టు పైకి లాగాను. దాన్ని పట్టి ఉంచే చెక్కపట్టీ మీది మేకులు తుప్పుపట్టి కాఫీపొడి రంగుకి తిరిగాయి. కింద మెత్త నొక్కితే వేలికి తడి తగిలింది. డ్రైవాల్ అడుగుభాగం తడిసిన అట్టలా మెత్తబడి ఉంది, వెనక కాగితం మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. గోడ ఎక్కడా చీలలేదు, చుక్క నీరు కారలేదు.

మరి చెమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది? కాంక్రీటు మట్టిలోని తడిని మెల్లగా పీలుస్తుంది, గదిలోకి వదిలి ఆరుతుంది. ఆ ఆరే దారికి ప్లాస్టిక్ షీటు అడ్డం పెట్టాం. పైగా వేసవిలో గది గాలిలోని ఆవిరి సందుల్లోంచి దూరి, చల్లగా ఉండే కాంక్రీటుకి తగిలి నీళ్ళవుతుంది. గోడని కాపాడాలని వేసిన షీటు కొండనాలుక్కి వేసిన మందైంది. రెండోసారి కాంక్రీటుకి గట్టి ఫోమ్ పలకలు అంటించి, అతుకులన్నీ మూయించి, వాటి ముందు చెక్క చట్రం కట్టించాను. ఆ గోడ ఇప్పటికీ పొడిగా ఉంది.

కాబట్టి కార్పెట్టు శాంపిళ్ళు చూసేముందు రెండడుగుల ప్లాస్టిక్ ముక్క ఒకటి తీసుకుని, నాలుగు అంచులూ టేపుతో నేలకి అంటించి ఒకరోజు వదిలేయండి. అడుగున తడి చేరితే అది నేలలోంచి వచ్చింది. పైన చేరితే గదిలోని గాలిది. ఒక్కోదానికి మందు వేరు. వేసవిలో గాలి ఆడుతుందని కిటికీలు మాత్రం తెరవకండి. ఉక్కపోత గాలి లోపలికొచ్చి చల్లటి గోడ మీద చెమ్మై కూర్చుంటుంది. కిటికీలు మూసి, డీహ్యూమిడిఫైయర్‌ని 50 శాతం దగ్గర పెట్టి, దాని నీళ్ళు వాటంతటవే పోయేలా గొట్టం తగిలించండి. అడుగున చేరే నీళ్ళని బయటికి తోడే సంప్ పంపుకి బ్యాటరీ ఉండాలి. కరెంటు పోయేదీ పంపు అవసరం పడేదీ సాధారణంగా ఒకే తుఫాను రాత్రి.

ఇంకో ఖర్చు కంటికి కనపడని దానికి. 1984లో పెన్సిల్వేనియాలోని లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు గేటు దాటుతుంటే రేడియేషన్ అలారం మోగేది. తీరా చూస్తే అది ప్లాంటులో అంటుకున్నది కాదు, ఆయన ఇంట్లో నేలలోంచి వచ్చి చేరిన రేడాన్ వాయువు వల్ల. దానికి రంగూ వాసనా ఉండవు. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పొగాకు తర్వాత పెద్ద కారణం అదేనని అక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది, లీటరుకి 4 పికోక్యూరీలు దాటితే ఇంటిని సరిచేయించుకోమంటుంది. పరీక్ష కిట్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. గోడలు కట్టకముందే చేస్తే ఆ వాయువుని బయటికి లాగే ఫ్యానున్న గొట్టాన్ని ఏ మూలో దాచి కప్పు పైకి తీసుకుపోవచ్చు. ఫినిష్ చేశాక అయితే కొత్త గోడ పగలగొట్టాలి.

ఇక అందం. ఇక్కడా నా సలహాలు తిరగేసే ఉంటాయి. గదులు కట్టకండి. నాలుగు గదులు చేస్తే మూడింటికి వెలుగుండదు. బాయిలర్ ఉన్న చోటు తప్ప మిగతాదంతా ఒకే హాలుగా వదిలేయండి. పైపులు కనపడుతున్నాయని ఫాల్స్ సీలింగ్ దించకండి. దూలాలు, పైపులు, డక్టులు అన్నిటికీ ఒకే లేతరంగు కొట్టిస్తే కంటికి ఆనవు, ఎత్తు మిగులుతుంది, నీళ్ళ వాల్వు చేతికందుతుంది. కప్పు ఎత్తు తక్కువైతే కూర్చునే ఎత్తు తగ్గించండి. ఇది మనకి తెలిసిన విద్యే. దివాను, బాలీసులు, రెండు పీటలు వేస్తే ఏడడుగుల కప్పు కూడా నెత్తిమీద ఉన్నట్టుండదు. నేలకి వినైల్ పలకలు పరిచి, మీద వరంగల్ జంపఖానా వేయండి. తడిస్తే ఎండలో ఆరేసుకోవచ్చు. గోడ నుంచి గోడకి అంటించిన కార్పెట్టుని ఎక్కడ ఆరేస్తాం? కప్పు నిండా తెల్లటి గుండ్రటి లైట్లు బిగించకుండా పసుప్పచ్చటి వెలుగు దీపాలు నాలుగు మూలల్లో పెట్టండి. అన్నిటికంటే దూరపు మూలలో ఒకటి తప్పనిసరి. మెట్ల మీద నిలబడ్డవాళ్ళని కిందికి పిలిచేది అదే.

చివరి మాట మంచం గురించి. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరునెలలకని వస్తారు. మోకాళ్ళ నొప్పులతో పై అంతస్తు ఎక్కలేరని, బాత్రూం కూడా ఉంది కదా అని, కింద గది ఇస్తాం. అక్కడికీ మెట్లు దిగాల్సిందే, పైగా అలాంటి గదుల్లో చాలావాటికి చేయి పట్టేంత కిటికీయే ఉంటుంది. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను మిగిల్చిన వాన న్యూయార్క్ మీద పడింది. సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు. నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్ళలో ఉన్నవాళ్ళు. నీళ్ళు తలుపుని బయటినుంచి నొక్కిపడితే పడుచువాళ్ళకే తెరుచుకోదు, డెబ్భై ఏళ్ళ మనిషికి ఎలా తెరుచుకుంటుంది?

పడకగదికి మనిషి దూరి బయటపడగల కిటికీ ఉండాలని అమెరికాలో చాలాచోట్ల ఇళ్ళ నిబంధనలు చెబుతాయి. వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు కనీసం 24, మొత్తం తెరుచుకునే చోటు సాధారణంగా 5.7 చదరపు అడుగులు, నేల నుంచి గట్టు 44 అంగుళాలు మించకూడదు. వెడల్పు సరిగ్గా 20 ఉంటే ఎత్తు 24 చాలదు, 41 దాటాలి. పర్మిట్ తీసుకోకుండా చేయించినవాళ్ళు చాలామంది ఈ లెక్క దగ్గరే తప్పారు. ఈ రాత్రే టేపు పట్టుకుని కిందికి దిగి కొలవండి. సరిపోకపోతే ఆ మంచం పైకి, డైనింగ్ టేబుల్ తీసేసైనా సరే, నేలమీది అంతస్తులోకి తెచ్చి వేయండి.