కన్నీళ్లకు తేమ శాతం

15,000 సెకండరీ స్కూళ్లలో, 500 కాలేజీల్లో కంటెంట్ క్రియేటర్ ల్యాబులు పెట్టిస్తామని ఆర్థికమంత్రి గారు బడ్జెట్‌లో సెలవిచ్చిన దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఆ ల్యాబులు యానిమేషన్‌కీ, విజువల్ ఎఫెక్ట్స్‌కీ, గేములకీ, కామిక్స్‌కీ అని ప్రసంగంలో స్పష్టంగానే ఉంది. ఉంటే ఉండనివ్వండి. మన జనం ‘కంటెంట్ క్రియేటర్’ అన్న ముక్క దగ్గరే చదవడం ఆపేశారు. బొమ్మ కదలాలంటే కంప్యూటర్ ఉండాలి, కంప్యూటర్ కదలాలంటే కరెంటుండాలి, రెండూ ఉన్నచోట మాస్టారుండాలి. ఈ ముగ్గురూ ఒక గదిలో కలిసేలోగా మన పిల్లల దగ్గర దండిగా ఉన్న ముడిసరుకు ఒక్కటే, ఇంట్లో జరిగినవి. నాన్న తాగొచ్చిన రాత్రి, అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టిన రోజు, అక్క కాపురం వదిలి వచ్చేసిన సంగతి. విత్తనం కొననక్కర్లేదు, యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టనక్కర్లేదు. వాన పడకపోతే ఇంకా బాగా పండే పంట ఇదొక్కటే.

నా బెంగల్లా ఏమిటంటే, పండించమన్నారు గానీ కొనేదెక్కడో చెప్పలేదు. మన ప్రభుత్వాలకిది కొత్త కాదులెండి. సుబాబుల్ వేయమన్నారు, వేశాక రేటు సంగతి మిల్లునడగమన్నారు. వరి వేయమన్నారు, వేశాక యాసంగి వడ్లు కొనేది లేదన్నారు. కాబట్టి ఈసారి ముందే అడుగుతున్నాను. జీవితానుభవాలకు మార్కెట్ యార్డు కావాలి. మండలానికొక కొనుగోలు కేంద్రం, ఒక కాంటా, ఒక తేమ యంత్రం, నాలుగు టార్పాలిన్లు. పనిలో పనిగా మార్కెట్ కమిటీ చైర్మన్ పదవులు కూడా పుడతాయి. టికెట్ రాని నాయకుల అనుభవాలు ముందు అక్కడే అమ్ముడుపోతాయి.

ఊహించుకోండి. తెల్లారేసరికి యార్డు గేటు ముందు రెండు కిలోమీటర్ల క్యూ. ఒకాయన పీటల మీద ఆగిపోయిన కూతురి పెళ్లి తెచ్చాడు. ఒకావిడ అత్తగారి పక్షవాతం మూట కట్టుకొచ్చింది. ఇంటర్ రెండుసార్లు తప్పిన కుర్రాడు ఆ రెండేళ్లూ రెండు బస్తాల్లో కుట్టించి తెచ్చాడు. ఎవరి టోకెన్ వాళ్ల చేతిలో, ఎవరి కష్టం వాళ్ల పక్కన. “అన్నా, మీదే రకం?” “క్యాన్సరండి, రెండో స్టేజి. మీది?” “మాది మామూలు అప్పులే తమ్ముడూ, రేటుంటుందంటావా?”

తేమ యంత్రం దగ్గర రూలు తిరగబడుతుంది. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనరు. ఇక్కడ 17కి తగ్గితే కొనరు. “కళ్లు ఆరిపోయాయి కదమ్మా, ఈ సరుకు పోదు. ఇంటికి తీసుకెళ్లి ఇంకో రెండు రోజులు తలుచుకుని రా” అంటాడు అధికారి. ఆవిడ భర్త పోయి ఆరేళ్లయింది. పిల్లల్ని చూసుకుంటూ, పాల కేంద్రానికి వెళ్తూ, నలుగురిలో నవ్వడం కూడా మళ్లీ నేర్చుకుంటూ ఆ దుఃఖాన్ని ఎలాగో ఎండబోసుకుంది. ఇప్పుడు మళ్లీ తడపాలి. ఆసుపత్రి చీటీలు బయటికి తీయాలి, ఆయన చొక్కా బయటికి తీయాలి, ఫోటో ముందు కూర్చోవాలి. మూడోరోజు యంత్రం 22 చూపిస్తుంది. “ఇదీ సరుకంటే!” అని కాంటా ఎక్కిస్తారు.

గ్రేడింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. సంతోషాన్ని తాలు కింద తూర్పారపట్టి పక్కన పోస్తారు. ముప్ఫై ఏళ్లు గొడవల్లేకుండా కాపురం చేసిన జంట వస్తే దళారీ బస్తాలో చెయ్యి కూడా పెట్టడు. “ఒక్కసారైనా కొట్టుకోలేదా బాబాయ్? పోనీ, విడిపోదామని అనుకున్నారా?” అనుకోలేదు. ఇక ఆ సరుకు దాణాకే. విజయానికి మాత్రం రేటుంది, కానీ ఒంటరిగా పోదు. దానికి కనీసం పదేళ్ల పేదరికం కలపాలి. అందుకని తండ్రికి రెండు రైసు మిల్లులున్నవాడు కూడా వీధిదీపం కింద చదువుకున్నానని కాస్త రంగు పట్టించి తెస్తాడు. మిర్చికి రంగు కలిపితే కల్తీ కేసు. దీనికి రంగు కలిపితే శాలువా కప్పి, కాలేజీలకు పిలిచి మాట్లాడిస్తారు.

తెలివైనవాళ్లు నిల్వ చేస్తారు. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు రేటు కోసం పడుకున్నట్టు, వీళ్ల విడాకులు పడుకుంటాయి. మా వీధిలో ఒకతను నిరుడే విడిపోయాడు, ఇంకా బయటపెట్టలేదు. ‘నా మౌనం వెనుక అసలు కారణం’ అని సంక్రాంతికి దింపుదామని చూస్తున్నాడు. ఈలోగా ఆవిడ దసరాకే తన వాటా దింపేసింది. రేటు పడిపోయింది. పాపం, మనిషి కుదేలైపోయాడు. ఆ కుదేలవడాన్నైనా అమ్ముకోవచ్చని ఎవరో చెప్పాక కాస్త తేరుకున్నాడు.

ఇక ధర. ఖమ్మం, వరంగల్ యార్డుల్లో సరుకు దించిన రైతుకు జెండా పాట అంటే తెలియంది కాదు. పొద్దున్నే జనం మధ్య ఒక మేలైన లాట్‌కి గొప్ప రేటు పాడతారు. మర్నాడు పేపర్లో అదే అచ్చవుతుంది. అది చూసి నువ్వు బండి కట్టుకెళ్తే నీ సరుకు ఆ రేటుకి వేలల్లో తక్కువ పోతుంది. అనుభవాల యార్డులోనూ జెండా పాట ఉంది. 2025 మే నెలలో ముంబై వేవ్స్ సదస్సులో యూట్యూబ్ అధిపతి నీల్ మోహన్ పాడారు. మూడేళ్లలో భారతదేశంలో 21,000 కోట్ల రూపాయలకు పైగా చెల్లించామన్నారు. ఆ లెక్కలో క్రియేటర్లతో పాటు కళాకారులూ, మీడియా కంపెనీలూ కూడా ఉన్నారు. ఆ ముక్క ఎవరికీ వినపడలేదు. మా పేటలో వినపడిందల్లా ఇరవై ఒక్క వేల కోట్లు. ఆ సాయంత్రమే మూడు ఇళ్లలో రింగ్‌లైట్లు వెలిగాయి.

గేటు దాటడమే కష్టమని తర్వాత తెలిసింది. ప్రకటనల డబ్బు రావాలంటే ముందు వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లుండాలి. ఆపైన ఏడాదిలో 4,000 గంటలు జనం నీ వీడియోలు చూసుండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వీక్షణలు రావాలి. అంటే పంట తెచ్చిన రైతుని గేటు దగ్గర నిలబెట్టి, ముందు ఊరందరికీ ఏడాదిపాటు ఊరికే భోజనం పెట్టు, ఆ తర్వాత కాంటా సంగతి చూద్దాం అన్నమాట. లోపలికి వెళ్లాక తరుగు. వీడియో మీద వచ్చే ప్రకటన డబ్బు వందలో 45 కంపెనీ తీసుకుంటుంది, 55 నీకు. షార్ట్స్‌లో లెక్క తారుమారై నీకు దక్కే వంతు 45. బస్తాకి రెండు కిలోలు తరుగు తీస్తే మనవాళ్లు వడ్లు తెచ్చి హైవే మీద పోసి ధర్నా చేస్తారు. వందకి 45 కిలోలు తీసేవాడికి మాత్రం వెండి బటన్ పంపాడని దండ వేసి, ఇంట్లో దేవుడి పక్కన పెట్టుకుంటున్నారు.

పంట తొందర కూడా పెరిగింది. 2024లో చెన్నైలో ఒక పేరున్న యూట్యూబర్ ఆపరేషన్ థియేటర్‌లో తన బిడ్డ బొడ్డుతాడు తానే కోస్తూ వీడియో తీసి పెట్టాడు. ఆరోగ్యశాఖ కదిలింది, వీడియో తీసేయాల్సి వచ్చింది. బిడ్డ ఇంకా ఏడవనైనా ఏడవకముందే మొదటి కోత అయిపోయింది. ఫ్రాన్సువాళ్లు 2020లో చట్టం చేసి, ఇలాంటి పిల్లల సంపాదనలో వాటా వాళ్లు పెద్దయ్యేదాకా విడిగా దాచాలన్నారు. వాళ్లకి యార్డు మర్యాద తెలియదు. ఇక్కడ పొలం నాన్నది, పంట నాన్నది, బిడ్డ అందులో పండిన గింజ. గింజకి వాటా ఏమిటి?

యార్డుకి అన్నిటికన్నా పెద్ద లోడ్లు తెచ్చేది మాత్రం సొంత పొలం ఉన్నవాళ్లు కాదు. ఎవరి దుఃఖమో కౌలుకి తీసుకుని కోసుకునేవాళ్లు. ఒక మైకు, ఒక ఫోను, ఒక కారు. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త చూసి పొద్దున పదికల్లా ఊళ్లో దిగుతారు. భూమి కౌలుకైతే ఎకరాకి ఇంతని ముందే మాట్లాడుకోవాలి, పంట పోయినా కట్టి తీరాలి. ఈ కౌలుకి ఆ బాధ లేదు. “మీ బాధ నలుగురికీ తెలియాలి కదమ్మా” అంటే చాలు, ఆ ఇల్లాలు లోపల్నుంచి చాప తెచ్చి వేస్తుంది. “ఆఖరిసారి నీతో ఏం మాట్లాడాడమ్మా?” అని అడుగుతాడు. ఆమె చెబుతుంది. బండి హారన్ వినపడిందని మళ్లీ చెప్పమంటాడు. మళ్లీ చెబుతుంది.

ఆ చాప మీద కూర్చున్నామె భర్త కౌలురైతు. పత్తి వేశాడు, అప్పు తెచ్చాడు, ఆ పత్తి మీద కొట్టాల్సిన మందే తాగాడు. తెలంగాణలో 2018 నుంచి రైతుబీమా ఉంది. రైతు ఏ కారణంతో పోయినా ఇంటికి అయిదు లక్షలు. కానీ 18కీ 59కీ మధ్య వయసుండాలి, పేరు మీద పట్టా ఉండాలి. ఆయన దున్నింది వేరేవాళ్ల పట్టా. కాబట్టి ఆ పథకం లెక్కలో చచ్చిపోయినవాడు రైతే కాదు. కృష్ణ దాటి ఆంధ్రాకి వెళ్తే కౌలు కార్డు ఉందంటారు. 2019 చట్టంలో ఆ కార్డుకి భూయజమాని ఒప్పుకోవాలన్న మెలిక పెట్టారు. తన భూమి కౌలుకిచ్చానని కాగితం మీద ఒప్పుకునే ఆసామిని ఎవరైనా చూపిస్తే నేనే చాప వేస్తాను.

వీడియోకి మాత్రం పాస్‌పుస్తకం అక్కర్లేదు. ఆమె ఏడిస్తే రైతు భార్య ఏడ్చినట్టే. పెద్దక్షరాల్లో పైన ‘రైతు’ అనే రాస్తారు. బతికుండగా ఏ ఆఫీసూ ఆయనకి రాసివ్వని మాటని చచ్చాక యూట్యూబ్ వాడు ఊరికే రాసేశాడు. మధ్యలో ప్రకటన వచ్చింది, నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ది. అప్పుతో చచ్చినవాడి పెళ్లాం కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే, ఆ గ్యాప్‌లో అప్పు అమ్మారు. ఆ ప్రకటన డబ్బులో 45 కంపెనీకి, 55 మైకుకి. ఆమెకి చాప దులుపుకునే పని.

జనం సిగ్గు విడిచి బతుకులు అమ్ముకుంటున్నారని తిట్టేవాళ్లని రోజూ చూస్తున్నాను. వాళ్లు ఒక్కసారి ఆమె వెంట తిరగాలి. కెమెరా రాకముందు ఆమె ఆ కథ పంచనామా రాసిన పోలీసుకి చెప్పింది. వ్యవసాయాధికారికి చెప్పింది. తహసీల్దారు ఆఫీసు వరండాలో చెప్పింది. సోమవారం కూలి మానుకుని, బస్సెక్కి, కలెక్టరేట్ ప్రజావాణిలో లైన్లో నిలబడి చెప్పింది. అవే మాటలు, అదే ఏడుపు. ఎవడూ కళ్లెత్తి చూడలేదు. రసీదు చేతిలో పెట్టి, వెనకున్నామెని పిలిచారు. అర్జీగా ఇస్తే చెల్లని బతుకు వీడియోగా తీస్తే చెల్లింది. వైరల్ అయితేనే అధికారి జీపు గుమ్మం ముందు ఆగుతుందని ఊళ్లకి తెలిసిపోయింది. అందుకే ముసలాయన పింఛను కోసం ఫోను ముందు దండం పెడుతున్నాడు, కాళ్లు లేని పిల్లాడి తల్లి వాడి చొక్కా విప్పి చూపిస్తోంది. అది మోజుతో చేస్తున్న పనా? మీరు ఆఫీసుల్లో చెవులు మూసుకుంటే, బజారులో నిలబడి అరుస్తున్నారు. ఆ అరుపుకి టిక్కెట్టు పెట్టుకున్నవాడు పెట్టుకున్నాడు. మీరేమో దాన్ని ఆర్థికాభివృద్ధి అని లెక్కల్లో రాసుకుంటున్నారు.

కథ ఎలా చెప్పాలో నేర్పడానికి 15,000 గదులా? ఆమెకి చెప్పడం వచ్చు, ఎవరూ నేర్పకుండానే వచ్చు. రానిది మీకు, వినడం. ల్యాబులు ఎన్ని పెట్టుకుంటారో పెట్టుకోండి. ముందు ఆ సోమవారం ఆమె ఇచ్చిన అర్జీ ఏ బీరువాలో, ఏ కట్ట కింద ఉందో వెతికి బయటికి తీయండి. దాని మీద తేదీ ఉంది, నంబరుంది, ఆమె వేలిముద్ర ఉంది. ఏమైందో ఆమె ఇంటికెళ్లి చెప్పండి. కెమెరా తీసుకెళ్లకండి.