కౌన్సెలింగ్ బాబాయి

ఎంసెట్ ర్యాంకులొచ్చే రోజుల్లో తెలుగు చుట్టరికాల్లో ఒక మనిషికి ఎక్కడలేని గిరాకీ. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారిందని ఎంతమంది చెప్పినా ఆయన ఒప్పుకోడు. చదివింది డిప్లొమా, చేసి రిటైరైంది కరెంటాఫీసులో. అయినా ఏ ఇంట్లో పిల్లాడికి ర్యాంకొచ్చినా మొదటి ఫోను ఆయనకే. "ఆప్షన్లు అప్పుడే పెట్టకండి. ముందు నేను కాలేజీ చూడాలి" అంటాడు. చదవబోయేవాడు కూడా రావచ్చు, కార్లో చోటుంటే.

కాలేజీలో అందర్నీ ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ, బ్రోచరు ఇస్తారు. బాబాయి టీ తాగేసి, బ్రోచరుతో విసురుకుంటూ గోడమీది ఫ్లెక్సీ దగ్గరికి వెళ్తాడు. పెద్ద ప్యాకేజీ కొట్టిన కుర్రాడొకడు అక్కడ టై కట్టుకుని నవ్వుతుంటాడు.

"ఈ అబ్బాయి రెండేళ్ల కిందట మావాళ్లమ్మాయి కోసం వచ్చినప్పుడూ ఇక్కడే ఉన్నాడే! ఇంకా జాయినవలేదా?"

అడ్మిషన్ల ఆయన నవ్వబోయి మానుకుంటాడు.

"పెద్ద జీతం సరేనండీ. మూడొందల మందిని జీతాల వరసలో నిలబెడితే నూట యాభయ్యోవాడికి ఎంత? ఒకడికి మూడు కంపెనీలు ఆఫరిస్తే ఒకడి కిందే రాశారా, ముగ్గురి కిందా?"

"ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు భోజనానికి వెళ్లారు సార్."

అప్పటికి టైము పదిన్నర.

"మాకు న్యాక్ ఏ ప్లస్ ఉంది సార్" అని ఆయన చివరి అస్త్రం తీస్తాడు. "అది కాలేజీ మొత్తానికి కదా. ఎన్‌బీఏ బ్రాంచికి బ్రాంచి విడిగా ఇస్తారు. మావాడి బ్రాంచికి ఉందా? ఉంటే ఏ సంవత్సరం దాకా?" ఒప్పుకోవాలి, లక్షలు కట్టబోయే మనలో ఈ ముక్క అడిగేవాళ్లు తక్కువ. మనం హాస్టల్ గదిలో ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి వచ్చేస్తాం.

చూపించే చోట్లు బాబాయికి అక్కర్లేదు. లేత్ మిషన్ మీద వేలితో తన ఇంటిపేరు రాసి, దుమ్ములో అది చక్కగా కనపడితే తలాడిస్తాడు. లిఫ్టు వద్దని మెట్లెక్కి మూడో అంతస్తు బాత్‌రూములు చూస్తాడు. స్టాఫ్ రూములో మాత్రం చాలాసేపు ఉంటాడు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది ఏఐసీటీఈ లెక్క. బోర్డు మీది పేర్లు చదివి, కిటికీ గట్టు మీద వరసగా పెట్టిన క్యారేజీలు లెక్కపెడతాడు. "పేర్లు ముప్పయ్యారు, క్యారేజీలు పద్నాలుగు. మిగతావాళ్లు ఉపవాసమా?"

మేనేజ్‌మెంట్ కోటాతో ఆయనకు పనిలేదు, పిల్లాడికి కన్వీనర్ సీటే వస్తుంది. అయినా ఆ 30 శాతం సీట్ల ధర అడిగి, ముప్పావుగంట బేరమాడి, బాగా తగ్గించాక "ఇంట్లో కనుక్కుని చెప్తాం" అని లేస్తాడు. అదో తృప్తి.

ఇంత హడావుడిలో పిల్లాడు ఏమయ్యాడని ఎవరికీ గుర్తు రాదు. వాడు గేటు బయట జిరాక్స్ కొట్టు దగ్గర దొరుకుతాడు, ముగ్గురు సీనియర్ల మధ్య, చేతిలో గోలీ సోడాతో.

తిరుగుదారిలో వాడే నోరు విప్పుతాడు. డేటా స్ట్రక్చర్స్ చెప్పే సారు సంక్రాంతికి ఊరెళ్లి మళ్లీ రాలేదట. ల్యాబ్ రికార్డులన్నీ ఆ జిరాక్స్ కొట్లోనే తయారవుతాయట. బస్సులు మూడూ నలభైకి వెళ్లిపోతాయి కాబట్టి కోడింగ్ క్లబ్బుకి ఎవరూ ఆగరట. ఈసీఈలో మాత్రం ఒక మేడం ఉన్నారట, ఆవిడ క్లాసుకి వేరే బ్రాంచి వాళ్లు కూడా వచ్చి వెనక నిలబడతారట.

బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. నిద్రపోయాడనుకుంటాం.

సాయంత్రం ఇంట్లో అందరి మధ్యా కుర్చీ లాక్కుని మొదలుపెడతాడు: "డేటా స్ట్రక్చర్స్‌కి మనిషి లేడు. సంక్రాంతికి వెళ్లినవాడు వెళ్లినట్టే. స్టాఫ్ రూములో అడుగుపెట్టగానే పట్టేశాను. ఈసీఈలో మాత్రం ఒకావిడ ఉంది, వజ్రం." పిల్లాడి నాన్న గౌరవంగా రెండో కాఫీ తెప్పిస్తాడు. లోపలి గదిలో పిల్లాడు ఆప్షన్లు పెట్టుకుంటుంటాడు, ఈసీఈ పైన, బాబాయి చెప్పిన వరస కింద. ఓటీపీ మాత్రం నాన్న ఫోనుకే వస్తుంది కనుక, కాఫీ అయ్యేదాకా ఆగాలి.