మేస్త్రమ్మ బేరం

కాలవలకు నీళ్లొదిలాక దుగ్గిరాల చుట్టుపక్కల రైతులకు కంటి మీద కునుకుండదు. నారు ముదిరిపోతుంటుంది, నాట్ల ముఠా కుదరదు. ఆ రోజుల్లో వాళ్లు మొక్కుకునే దేవుళ్లలో ముఠా మేస్త్రమ్మ కూడా ఉంటుంది.

వయసు యాభై దాటి ఉంటుంది. చీర మీద మొగుడి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నెత్తిన తువ్వాలు, నడుముకి చెక్కిన బటన్ల ఫోను. ఇరవైమంది ఆడకూలీల తరఫున మాట్లాడేది ఆమే. రేటు మాత్రం ముందు తను చెప్పదు. "ఊళ్లో ఎంత నడుస్తోందో మీకు తెలవదా బాబుగారూ?" అని ఊరుకుంటుంది. రైతే నోరు జారతాడు. ఆ అంకె మీద బేరం మొదలవుతుంది. ఎకరాకి గుత్త తేలిందని ఆయన ఊపిరి పీల్చుకునేలోపే ఆటో కిరాయి, రెండు పూటలా టీ, నారు పీకుడు వేరే లెక్క అంటూ ఒక్కొక్కటీ బయటికొస్తాయి. డబ్బులు సాయంత్రానికి గట్టు మీదే.

"ఇట్లాగైతే ఈసారి వెద చల్లేసుకుంటా" అని రైతు బెదిరిస్తాడు.

"చల్లుకోండి. కలుపుకి మళ్లీ నాకే ఫోన్ చేస్తారుగా."

పసుపు తవ్వకాల రోజుల్లోనూ ఇదే వరస. గిట్టుబాటు కాలేదని రైతు ముఖం వేలాడేసేసరికే దుగ్గిరాల యార్డులో ఆ పూట కొమ్ముల ధరెంతో, కాయల ధరెంతో ఆమె చెవిన పడి ఉంటుంది.

ఇలా అడిగి పుచ్చుకోవడం అక్కర్లేదన్న పెద్దలూ ఉన్నారు. 2014 అక్టోబరులో అమెరికాలో కంప్యూటర్ రంగ మహిళల సభ జరిగింది. మన హైదరాబాదువాడే, మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల అక్కడ ఆడవాళ్లు జీతం పెంచమని అడగక్కర్లేదని, వ్యవస్థను నమ్ముకుంటే చాలని, అలా అడగకపోవడం మంచి కర్మేనని సెలవిచ్చారు. వేదిక మీద ఆయనతో మాట్లాడుతున్న మరియా క్లావే అక్కడికక్కడే కాదన్నారు. తను చెప్పింది పూర్తిగా తప్పని, పెంపు కావాలంటే అడగాల్సిందేనని ఆయన ఆ రోజే ఉద్యోగులకు రాశారు. గట్టు మీద మేస్త్రమ్మ ముందు ఆ మొదటి మాట అని ఉంటే ఆ ఏడాది ఆయన పొలం బీడే.

అంతటి మేస్త్రమ్మ మనవరాలు బీటెక్ చదివి హైదరాబాదులో ఇంటర్వ్యూకెళ్లింది. ఎంత ఆశిస్తున్నారని హెచ్‌ఆర్ అడిగితే "యాజ్ పర్ కంపెనీ నార్మ్స్ సార్" అని చేతులు కట్టుకుని చెప్పొచ్చింది. అమ్మమ్మ ఆ పూట అన్నం సరిగా తినలేదు. "కూలీ ఎంతో వాళ్లనే రాసుకోమన్నావా? ఆటో కిరాయి సంగతన్నా అడిగావా?"

ఇంత గట్టి మనిషీ ఒక్క చోట మెత్తబడుతుంది. అదే చేలో మగకూలీకి ఎక్కువిస్తారు. ఎందుకని అడిగితే "మందుకొట్టుడూ మూటలెత్తుడూ వాళ్లదేగా" అంటుంది. మరి ఇద్దరూ కలిసి పసుపు తవ్విన రోజున? అప్పుడు మాత్రం టీ చల్లారిపోతోందంటూ లేస్తుంది. ఒకే పనికి ఆడా మగా ఒకే వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టమొచ్చింది. ఉపాధి హామీలో ఇద్దరికీ ఒకటే రేటు, 2025-26లో మన రాష్ట్రంలో 307 రూపాయలు. ఆ పనికీ మేస్త్రమ్మ వెళ్లింది, వేలిముద్ర వేసి మగాళ్లతో సమానంగా తీసుకుంది. ఆ లెక్క ఆమెకు తెలియంది కాదు. గట్టు మీద బేరంలోకి ఇంకా తేలేదు, అంతే.

రైతుసోదరులు వచ్చే పసుపు తవ్వకాలకు జవాబు సిద్ధం చేసుకుని ఉంచుకోవడం మంచిది.