సంతకమే టీకా!

కరోనాతో మూసిన కాలేజీల తాళాలు 2021 ఫిబ్రవరి 1న తెలంగాణలో తీశారు. మాస్కు పెట్టుకోండి, ఆరడుగుల ఎడం పాటించండి, ఇంటి నుంచి ఒప్పుకోలు పత్రం తెండి అన్నారు. మాస్కూ ఎడమూ పిల్లల పూచీ, పత్రం తల్లిదండ్రుల పూచీ. మరి సర్కారు వాటా? సర్క్యులర్!

వికారాబాద్ జిల్లా దోమ మండలం పిల్లలు పరిగి, వికారాబాద్, తాండూరు కాలేజీలకు పోవాలంటే దిక్కు ఆర్టీసీ బస్సే. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు గాల్లో, పక్కవాడి బ్యాగు ముక్కు మీద! ఇలా ఒరుసుకుంటూ వచ్చి దిగితే, గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు గురిపెట్టి ‘దూరం దూరం’ అని అదిలింపు. కరోనా బస్సెక్కదని ఎవరు హామీ ఇచ్చారో!

మార్చి 24 నుంచి మళ్లీ తాళం. పీరియడ్ల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లకు పాఠమూ బందు, పైసా బందు. సెప్టెంబరు 1న మళ్లీ బడిగంట. డిసెంబరులో ఇంటర్ ఫస్టియర్ ఫలితాలొస్తే పాసైంది 49 శాతమే. ఆందోళనలు రేగాక తప్పినవాళ్లందరికీ 35 మార్కులు వేసి గట్టెక్కించారు. పాఠం చెప్పించడం కష్టం గానీ, మార్కులు పంచడానికి ఏం ఖర్చు?

అయ్యా, ఇలాంటి ఆపద మళ్లీ వస్తే సంతకాలు అడిగే ముందు పల్లెకు రెండు బస్సులు ఎక్కువ వేయండి, గెస్టు సారుకు జీతం వేయండి. అప్పుడు మీకు 35 మార్కులు మేమే వేస్తాం!